పదిహేనేళ్ల అమ్మాయితో కలిసి ఏ సినిమా చూడను?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. రెండేళ్ల క్రితం వరకూ బడి నుంచి రాగానే భుజం మీది బ్యాగ్ కూడా దించకుండా అన్నీ చెప్పేది. ఇప్పుడు ఏమడిగినా ‘ఊఁ’, ‘ఏం లేదు’, ‘తర్వాత చెప్తా’. గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. మా ఇద్దరికీ మిగిలిందల్లా శనివారం రాత్రి కలిసి సినిమా చూడటం ఒక్కటే. పోయిన నెల, టీనేజ్ పిల్లల మీద తీసిన మంచి సినిమా అని విని ఒకటి పెట్టాను. మధ్యలో ముద్దు సీన్ రాగానే నాకు తెలియకుండానే రిమోట్ అందుకుని ముందుకు జరిపేశాను. తను ఒక్క మాట కూడా అనకుండా లేచి గదిలోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి శనివారం సినిమా కూడా లేదు. ఈ వయసు పిల్లల గురించి వచ్చినవాటిలో అందరూ ఇష్టపడే సినిమాలు ఏవి? తనతో కలిసి చూడదగ్గవి ఏవి? ఇబ్బంది పెట్టే సీన్లు వస్తే ఏం చేయాలి? సినిమా అయ్యాక ఎలా మాట్లాడాలి? ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.
– ఒక తల్లి

సమాధానం:

చిన్న విషయమని ఎందుకనుకున్నారు? ఇంట్లో మాటలు తగ్గిపోయినప్పుడు వారానికి రెండు గంటలు పక్కపక్కన కూర్చోగలగడం పెద్ద సంగతే. అది పోయిందని మీరు బాధపడుతున్నారంటే దాని విలువ మీకు బాగా తెలుసు. మీ అమ్మాయికీ తెలిసే ఉంటుంది. లేకపోతే అంతకాలం శనివారాలు మీ పక్కన వచ్చి కూర్చునేదే కాదు.

ముందు రిమోట్ సంగతి చూద్దాం. ముద్దు సీన్ పోయిందని మీ అమ్మాయి కోపం తెచ్చుకుందని నేననుకోను. అప్పటిదాకా తను హాయిగా తెర మీది పిల్లల్ని చూస్తోంది. మీరు రిమోట్ అందుకోగానే, ‘అమ్మ ఇంతసేపూ సినిమా చూడటం లేదు, నేనెలా చూస్తున్నానో చూస్తోంది’ అని అర్థమైపోయి ఉంటుంది. తనని ఎవరో గమనిస్తున్నారనే టెన్షన్ ఆ వయసులో పగలంతా ఉండేదే. ఇంట్లో చీకట్లో సినిమా చూసేటప్పుడైనా అది లేకుండా ఉండాలనుకుంటారు పిల్లలు. అందుకే లేచి వెళ్లిపోయి ఉంటుంది.

ఇక సినిమాలు. మీరు అడిగినట్టు అందరూ ఇష్టపడేవాటి జాబితాలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి, కానీ అవన్నీ మీ ఇద్దరికీ పనికిరావు. నా ఉద్దేశంలో మీరు వెతకాల్సింది పిల్లకి బుద్ధి చెప్పే సినిమాలు కావు. తల్లో తండ్రో కూడా ఒక మనిషిగా కనిపించే సినిమాలు వెతకండి. ఎదిగే వయసు మీద తీసిన సినిమాల్లో ఏళ్ల తరబడి నిలిచినవాటిలో చాలావాటిలో, పిల్లల పక్కనున్న పెద్దవాళ్లని కూడా ఎంతో శ్రద్ధగా రాశారు. మీ అమ్మాయి అందులోని అమ్మాయిని చూసుకుంటుంది, మీరు అందులోని అమ్మని చూసుకుంటారు. అప్పుడు మీ చూపు మీ అమ్మాయి మీద ఉండాల్సిన అవసరం రాదు. తనకి కావలసిందీ అదే.

ఈ లెక్కన మొదట చెప్పాల్సింది ‘లేడీ బర్డ్’. 2017లో గ్రెటా గెర్విగ్ తీసింది, అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. పదిహేడేళ్ల క్రిస్టీన్ తనకి తనే ‘లేడీ బర్డ్’ అని పేరు పెట్టుకుని అందరూ అలాగే పిలవాలంటుంది. ఆ పాత్ర సర్షా రోనన్ చేసింది, తల్లి మేరియన్‌గా లారీ మెట్‌కాఫ్ చేసింది. సినిమా మొదట్లోనే తల్లీకూతుళ్లు కార్లో వెళ్తూ ఒక నవల ఆడియో క్యాసెట్ వింటారు. అది అయిపోగానే ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లు. ఎంత దగ్గరగా ఉన్నారో అనుకునేలోపే, ఏ ఊళ్లో కాలేజీకి వెళ్లాలన్న మాట వస్తుంది. మాటా మాటా పెరిగి, ఆ పిల్ల నడుస్తున్న కారు తలుపు తీసి దూకేస్తుంది! తర్వాతి సీన్లలో చేతికి గులాబీ రంగు కట్టుతో తిరుగుతుంటుంది.

నేను మిమ్మల్ని గమనించమనేది మాత్రం ఇంకో సీన్. పాతబట్టలు అమ్మే షాపులో ఇద్దరూ విందుకి వేసుకునే గౌను వెతుకుతుంటారు. కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నావని తల్లి, సూటిగా చెప్పొచ్చు కదా అని కూతురు, హ్యాంగర్లు జరుపుతూనే పోట్లాడుకుంటుంటారు. మధ్యలో తల్లి చేతికి ఒక గౌను దొరుకుతుంది. అంతే, ఇద్దరూ ఒక్కసారిగా, అప్పటిదాకా ఏ గొడవా జరగనట్టు, ఎంత బాగుందో అని మురిసిపోతారు. సారీలు లేవు, సర్దుబాటు లేదు. తల్లీకూతుళ్ల మధ్య వాన వెలిసినట్టు కోపం ఎలా వెలిసిపోతుందో ఇంత సూటిగా చూపించిన సీన్ నాకు ఇంకోటి తెలియదు. తర్వాత మరోసారి, బట్టలు మార్చుకునే గది తలుపు వెనక నుంచి కూతురు అడుగుతుంది, నేనంటే నీకు ఇష్టమేనా అని. ప్రేమిస్తున్నాను కదా అంటుంది తల్లి. ప్రేమ సంగతి కాదు, ఇష్టమా అని మళ్లీ అడుగుతుంది. నువ్వు ఎంత బాగా ఉండగలవో అంత బాగా ఉండాలని నా కోరిక అంటుంది తల్లి. ఇంతకన్నా బాగా ఉండటం నా వల్ల కాకపోతే అంటుంది కూతురు. తల్లి దగ్గర జవాబు ఉండదు. ఆ క్షణంలో లారీ మెట్‌కాఫ్ ముఖం చూడండి. ఆమె చెడ్డ తల్లి కాదు. రెండు డ్యూటీలు చేసి ఇల్లు నడిపే నర్సు, భర్త ఉద్యోగం పోయింది. కూతురి భవిష్యత్తు గురించి భయపడీ భయపడీ ఆ భయం తప్ప నోట్లోంచి ఇంకేమీ రానంతగా అలసిపోయింది.

ఈ సినిమాని మొదటి శనివారమే పెట్టకండి. ఇందులో శృంగారానికి సంబంధించిన సీన్లు, బూతు మాటలు ఉన్నాయి. అమెరికాలో దీనికి ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్లలోపు పిల్లలు థియేటర్లో పెద్దవాళ్లతో కలిసే చూడాలి. ముందు మీరొక్కరే చూడండి. ఆ సీన్లు వచ్చినప్పుడు మీ చెయ్యి రిమోట్ వైపు వెళ్తుందో లేదో మీకే తెలుస్తుంది. వెళ్లదు అనుకున్నాకే కలిసి చూడండి.

మొదలుపెట్టడానికి నేను చెప్పేది ‘విస్పర్ ఆఫ్ ది హార్ట్’. 1995లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా. యానిమేషన్ అనగానే చిన్నపిల్లల బొమ్మల సినిమా అనుకోకండి. హయావో మియాజాకి స్క్రీన్‌ప్లే రాయగా యోషిఫుమి కోండో దర్శకత్వం వహించాడు. ఆయన తీసిన పూర్తి నిడివి సినిమా ఇదొక్కటే, 1998లో చిన్న వయసులోనే పోయాడు. ఇందులో షిజుకు అనే పద్నాలుగేళ్ల పిల్ల లైబ్రరీ పుస్తకాల పురుగు. తనకి నచ్చిన అబ్బాయి వయొలిన్‌లు తయారుచేయడం నేర్చుకోవడానికి దూరదేశం వెళ్లాలనుకుంటాడు. అతనికి ఏం కావాలో అతనికి తెలుసు, తనకేం కావాలో తనకి తెలియదు. ఆ బాధలో తనూ ఒక కథ రాసి చూడాలనుకుంటుంది. పరీక్షల ముందు చదువు పక్కనపెట్టి రాత్రింబవళ్లు రాస్తుంది. మార్కులు పడిపోతాయి, అక్క కేకలేస్తుంది.

అప్పుడు తల్లిదండ్రులు ఆ పిల్లని కూర్చోబెట్టి మాట్లాడతారు. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా నచ్చిన సీన్ అది. ఏం చేస్తున్నావు, ఇప్పుడే చేయాలా అని అడుగుతారు. ఆ పిల్ల పూర్తిగా చెప్పదు, చెప్పలేదు. తండ్రి కాసేపు ఆలోచించి, నీకు సరే అనిపించింది చెయ్యి అంటాడు. కాకపోతే నలుగురూ నడిచే దారి కాదనుకున్నాక కష్టం ఉంటుంది, ఏం జరిగినా ఇంకొకర్ని అనడానికి ఉండదు అని కూడా చెబుతాడు. రహస్యం మొత్తం రాబట్టకుండానే నమ్మాడు. మీ అమ్మాయి ‘తర్వాత చెప్తా’ అన్న ప్రతిసారీ మీకు ఆ తండ్రి గుర్తొస్తే మంచిది. ఇందులో మీరు రిమోట్ పట్టుకోవాల్సిన సీన్ ఒక్కటీ లేదు కాబట్టి మొదటి శనివారానికి ఇదే సరిపోతుంది.

రెండోసారికి ‘కోడా’ చూడొచ్చు. 2022 ఆస్కార్ వేడుకల్లో ఉత్తమ చిత్రం అవార్డు దీనికే వచ్చింది. చేపలు పట్టే కుటుంబం, అమ్మా నాన్నా అన్నా ముగ్గురికీ వినపడదు. పదిహేడేళ్ల రూబీకి ఒక్కదానికే వినపడుతుంది, అందుకే బయటి ప్రపంచంతో ఆ కుటుంబం మాట్లాడేది ఆ పిల్ల ద్వారానే. ఆ పిల్లకి పాడటమంటే ప్రాణం! స్కూల్లో కచేరీ జరుగుతుంటే తల్లిదండ్రులు వచ్చి కూర్చుంటారు. పాట మధ్యలో సినిమాలో శబ్దం మొత్తం ఆగిపోతుంది. వాళ్లకి ఎలా ఉంటుందో మనకీ అలాగే ఉంటుంది. తండ్రి చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసి, కళ్లు తుడుచుకుంటున్నవాళ్లని చూసి, తన కూతురు ఏం చేస్తోందో తెలుసుకుంటాడు. ఆ రాత్రి ఇంటి బయట, నా కోసం పాడు అని అడిగి, కూతురి గొంతు మీద చేతులు పెట్టి ఆ పాటని వేళ్లతో వింటాడు. ఆ పాత్ర వేసిన ట్రాయ్ కోట్సర్‌కి నిజంగానే వినపడదు. ఆయనకి ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. ఒక మాట ముందే చెబుతున్నాను, ఈ తల్లిదండ్రుల దాంపత్యం మీద కాస్త మొరటు హాస్యం ఉంది. మీ ఇద్దరూ చెరోవైపు చూసే సందర్భం ఒకట్రెండు సార్లు వస్తుంది. అలాంటప్పుడు నవ్వు వస్తే నవ్వేయండి.

మీ ఇంటి పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది మాత్రం ‘ఎయిత్ గ్రేడ్’. 2018లో బో బర్నమ్ తీశాడు. పదమూడేళ్ల కేలాగా చేసిన ఎల్సీ ఫిషర్ అప్పటికి నిజంగానే ఆ ఈడు పిల్ల. ముఖం మీద మొటిమలు మొటిమల్లాగే కనిపిస్తాయి, మాటలు తడబడతాయి. కేలా ధైర్యంగా ఎలా ఉండాలో, స్నేహితుల్ని ఎలా సంపాదించుకోవాలో చెబుతూ వీడియోలు తీసి పెడుతుంటుంది. వాటిని చూసేవాళ్లు దాదాపు ఉండరు. స్కూల్లో ఆ పిల్లకి ‘అందరికన్నా నెమ్మదైన పిల్ల’ అన్న బిరుదు ఇస్తారు, అది విని ముఖం చిన్నబుచ్చుకుంటుంది. ఇంట్లో తండ్రి ఒక్కడే. రాత్రి భోజనం దగ్గర కేలా చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోన్. ఆయన ఏదో ఒకటి మాట్లాడాలని చూస్తాడు, మాట్లాడిన ప్రతిసారీ తప్పే అవుతుంది. మాట్లాడకుండా చూసినా తప్పే. మీకు ఆ బల్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

చివర్లో కేలా ఒక పాత పెట్టెని పెరట్లో మంట వేసి కాల్చేస్తుంది. రెండేళ్ల కిందట తన కోసం తనే దాచుకున్న ఆశలన్నీ అందులో ఉంటాయి. మంట పక్కన కూర్చుని, నన్ను చూస్తే నీకు బాధేస్తుందా నాన్నా అని అడుగుతుంది. ఆయన విలవిల్లాడిపోతాడు. నీ చిన్నప్పుడు భయపడ్డాను, కానీ నువ్వు పెరుగుతుంటే చూస్తూ చూస్తూ ఆ భయం పోయింది అని, తడుముకుంటూ, సినిమాల్లో తండ్రుల్లా కాకుండా మామూలు మనిషి మాట్లాడినట్టే చెబుతాడు. ఆ పిల్ల వచ్చి ఆయన్ని గట్టిగా వాటేసుకుంటుంది. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ మాటలు ఆయన అంతకుముందు భోజనాల బల్ల దగ్గర చెప్పబోతే పడలేదు. ఆ పిల్లే అడిగిన రోజున చెబితే పడ్డాయి. అడిగే రోజు వచ్చేదాకా ఆయన విసుక్కోకుండా అక్కడక్కడే తిరిగాడు.

ఇందులో కూడా కష్టమైన సీన్ ఉంది. వయసులో పెద్దవాడైన ఒకబ్బాయి కార్లో కేలాని ఆటలాగా మాటల్లో పెట్టి చొక్కా తీయమంటాడు. ఆ పిల్ల వద్దంటుంది, ఆట అక్కడితో ఆగుతుంది. కానీ తప్పంతా ఆ పిల్లదే అన్నట్టు వాడు మాట్లాడతాడు, ఆ పిల్లే వాడికి సారీ చెబుతుంది! పదిహేనేళ్ల అమ్మాయి చూడాల్సిన సీన్ ఏదైనా ఉంటే ఇదేనని నా నమ్మకం. వద్దని చెప్పిన తర్వాత కూడా అపరాధభావం ఎలా అంటగడతారో ఇంత స్పష్టంగా చూపించిన సినిమాలు తక్కువ. దీనికీ ‘ఆర్’ రేటింగే ఇచ్చారు. ఎనిమిదో తరగతి పిల్ల కథని ఆ తరగతి పిల్లలే సొంతంగా వెళ్లి చూడలేని పరిస్థితి. అందుకని విడుదల చేసిన ‘ఏ24’ సంస్థ 2018 ఆగస్టులో అమెరికాలోని ప్రతి రాష్ట్రంలోనూ ఒక థియేటర్లో ఆ నిబంధన పట్టించుకోకుండా ఉచితంగా ప్రదర్శించింది. రేటింగ్ చూసి భయపడిపోకుండా, అది ఎందుకిచ్చారో చూసి నిర్ణయించుకోవాలని చెప్పడానికే ఇదంతా చెప్పాను.

మీరు బహుశా ‘ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’ పేరు విని ఉంటారు. 1985లో జాన్ హ్యూస్ తీసింది. ఈ తరహా సినిమాల గురించి ఎవరు మాట్లాడినా ముందు వచ్చే పేరు ఇదే. శనివారం శిక్షగా స్కూలు లైబ్రరీలో కూర్చోబెట్టిన అయిదుగురు పిల్లలు, సాయంత్రానికల్లా ఒకరినొకరు తెలుసుకుంటారు. నేల మీద కూర్చుని తమ తల్లిదండ్రుల గురించి చెప్పుకునే భాగం ఇప్పటికీ మనసుని పట్టేస్తుంది. కానీ ఇందులో పెద్దవాళ్లందరూ దాదాపు శత్రువులే, మీకు కూర్చోవడానికి చోటుండదు. పైగా ఒక అబ్బాయి ఒక అమ్మాయిని సినిమా పొడుగునా మాటలతో వేధించి, చివరికి ఆమె మనసే గెలుచుకుంటాడు. ఆ అమ్మాయిగా నటించిన మోలీ రింగ్‌వాల్డ్ తన కూతురితో కలిసి ఈ సినిమా చూసిన అనుభవం గురించి 2018లో ‘న్యూయార్కర్’ పత్రికలో రాసింది. తనకి ఎంతో పేరు తెచ్చిన సినిమాలోనే తనని ఇప్పుడు కలవరపెడుతున్న సంగతులేమిటో దాపరికం లేకుండా చెప్పింది. అలాగని సినిమాని కొట్టిపారేయలేదు. మీ అమ్మాయి తనంతట తను చూడాలంటే చూడనివ్వండి. ఆ అబ్బాయి గురించి తను ఏమంటుందో మీకు కుతూహలంగా ఉంటే, ముందు మీ అభిప్రాయం చెప్పకండి.

‘స్టాండ్ బై మీ’ 1986లో రాబ్ రైనర్ తీసింది, స్టీఫెన్ కింగ్ రాసిన పెద్ద కథ ఆధారం. స్నేహం గురించి వచ్చినవాటిలో నాకు చాలా ఇష్టమైనదే, కానీ అది నలుగురు మగపిల్లల లోకం. ‘బాయ్‌హుడ్’ని రిచర్డ్ లింక్‌లేటర్ 2002 నుంచి 2013 దాకా ఏటా కొద్దికొద్దిగా, అదే పిల్లాడితో తీశాడు. ఆరేళ్లవాడు మన కళ్లముందే పద్దెనిమిదేళ్లవాడవుతాడు. దాదాపు మూడు గంటల సినిమా, కథంటూ పెద్దగా ఉండదు కాబట్టి మీ అమ్మాయికి విసుగు రావచ్చు. మీకు మాత్రం, కొడుకు కాలేజీకి సామాను సర్దుకుంటుంటే తల్లి ఉన్నట్టుండి ఏడ్చేసి, జీవితంలో ఇంకా ఏదో ఉంటుందనుకున్నాను అనే సీన్ చాలాకాలం గుర్తుంటుంది. ప్యాట్రీషియా ఆర్క్వెట్‌కి ఆ పాత్రకే ఆస్కార్ వచ్చింది. మన దేశంలో వచ్చినవాటిలో విక్రమాదిత్య మోట్వానే 2010లో తీసిన హిందీ సినిమా ‘ఉడాన్’ గొప్పది. కొడుకు చేత ‘సార్’ అని పిలిపించుకునే తండ్రి, కవితలు రాసుకునే కొడుకు. అందులో కొట్టే సీన్లు బరువుగా ఉంటాయి, కొన్నాళ్లు ఆగి చూడండి.

రెండు సినిమాల విషయంలో జాగ్రత్త చెప్పాలి. ‘డెడ్ పొయెట్స్ సొసైటీ’ (1989) ఎంతోమంది మనసులో నిలిచిపోయిన సినిమా, కానీ అందులో తండ్రి పట్టుదలకి నలిగిపోయిన ఒక కుర్రాడు ప్రాణం తీసుకుంటాడు. ‘ది పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ (2012) కథలో చిన్నతనంలో జరిగిన లైంగిక వేధింపుల గాయం ఉంది. పిల్ల మామూలుగా ఉన్నప్పుడు ఇవి చూడటంలో తప్పులేదు. దిగులుగా ఉన్నప్పుడు, అదీ ఒంటరిగా గదిలో కూర్చుని చూడటం మంచిది కాదు. మీ ఉత్తరంలో అలాంటి సూచనలేవీ నాకు కనిపించలేదు. అయినా అడుగుతున్నాను, నిద్ర, తిండి, స్నేహితులు, ఇదివరకు ఇష్టంగా చేసే పనులు, వీటిలో పెద్ద మార్పు వచ్చిందా? బతకాలని లేదన్న మాట ఎప్పుడైనా నోటి నుంచి వచ్చిందా? వస్తే సినిమాలు, శనివారాలు అన్నీ పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి.

ఇప్పుడొకటి మీ కోసం మాత్రమే. సత్యజిత్ రాయ్ తీసిన ‘అపరాజితో’. 1956లో వచ్చింది, మరుసటేడు వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ లయన్ గెలుచుకుంది. భర్త పోయిన సర్వజయకి కొడుకు అపు తప్ప ఎవరూ లేరు. వాడికి స్కాలర్‌షిప్ వస్తుంది, కలకత్తా వెళ్లి చదువుతానంటాడు. మొదట ఆమె కోపంతో చెయ్యి చేసుకుంటుంది, ఆ తర్వాత తనే కూడబెట్టిన డబ్బు తెచ్చి ఇస్తుంది. సెలవులకి ఇంటికొచ్చిన కొడుకుతో రాత్రి మాట్లాడుతుంది. నాకు జబ్బు చేస్తే నువ్వు సంపాదించి వైద్యం చేయిస్తావా అని అడుగుతుంది. జవాబు రాదు. చూస్తే వాడు నిద్రపోయి ఉంటాడు. మర్నాడు స్టేషన్‌కి వెళ్లిన అపు, రైలు వచ్చి ఆగినా ఎక్కడు. తిరిగొచ్చి తల్లితో రైలు తప్పిపోయిందని చెబుతాడు. ఒక్క రోజు ఎక్కువ ఉండటానికి ఆ వయసు పిల్లవాడు నిజం చెప్పలేడు, అబద్ధం చెబుతాడు! ఆ తల్లికి ఆ అబద్ధం ఎంత సంతోషమో కరుణా బెనర్జీ ముఖంలో చూడాల్సిందే. ఆ తర్వాత కథ సుఖంగా సాగదు, అది చూసి తట్టుకునే రోజున చూడండి. పిల్లలు దూరం జరుగుతూనే మన దగ్గర ఏ రూపంలో ఉండిపోతారో రాయ్ చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదని నేననుకుంటాను. మీ అమ్మాయి అంతకాలం శనివారాలు వచ్చి కూర్చోవడం కూడా అలాంటిదే కావచ్చు.

ఇక మీరడిగిన మిగతా రెండు ప్రశ్నలు. ఇబ్బంది పెట్టే సీన్లు వస్తే ఏం చేయాలి? సినిమా మొదలుపెట్టకముందే మామూలుగా చెప్పేయండి: “ఇందులో ఒకట్రెండు ఇబ్బంది సీన్లు ఉన్నాయట. నీకు ఎలాగో అనిపిస్తే ముందుకు జరిపెయ్, నేనేమీ అనుకోను.” ఆ మాటతో పాటు రిమోట్ కూడా తనకే ఇచ్చేయండి. సీన్ వచ్చినప్పుడు తన వైపు చూడకండి. నీళ్లు తాగడానికి లేచి వెళ్లడం, ఫోన్ చూసుకోవడం కూడా వద్దు, అవన్నీ పిల్లలకి తెలిసిపోతాయి. నిమిషం గడిస్తే అదే పోతుంది. మీకు నిజంగా అభ్యంతరం అనిపించే సినిమా అయితే దాన్ని పెట్టకపోవడమే మేలు. మధ్యలో ఆపేయడం కన్నా అది వెయ్యి రెట్లు మర్యాద.

సినిమా అయ్యాక ఎలా మాట్లాడాలి అన్నారు. ఆ రాత్రికి మాట్లాడకండి. ‘చూశావా, ఆ అమ్మాయి వాళ్లమ్మతో ఎలా మాట్లాడిందో’ అన్న మాట నోటిదాకా వస్తుంది. ఆపుకోండి. అది ఒక్కసారి అన్నారంటే, సినిమా మొత్తం పాఠం చెప్పడానికే పెట్టారని తేలిపోతుంది. అడగాలనిపిస్తే పాత్రల గురించే అడగండి, అదీ మీకు నిజంగా జవాబు తెలియనిదే అడగండి. ‘లేడీ బర్డ్’ చూశాక, ఆ అమ్మకి ఇష్టమేనని చెప్పడానికి అంత కష్టమెందుకైందో నాకర్థం కాలేదు అని మీరంటే, తను ఏదో ఒకటి అనొచ్చు. అనకపోయినా నష్టం లేదు. తను మీ చిన్నతనం గురించి అడిగితే మాత్రం చెప్పండి. మీరు మీ అమ్మకి చెప్పకుండా దాచినవి, ఎవరినో చూసి సిగ్గుపడినవి, స్నేహితురాలు మాట్లాడటం మానేస్తే ఏడ్చినవి. ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టకుండా, జరిగింది జరిగినట్టు చెప్పి ఆపేయండి. జవాబు రెండు రోజుల తర్వాత, మీరు ఇంకేదో పనిలో ఉన్నప్పుడు, వీపు వెనక నుంచి రావచ్చు. అప్పుడు చేస్తున్న పని ఆపి గబుక్కున తిరిగి చూడకండి. పని చేసుకుంటూనే వినండి.

మరి ఆగిపోయిన శనివారాన్ని మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? పెద్ద క్షమాపణలేమీ అక్కర్లేదు, వాటికి పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. తలుపు తట్టి, గడప దగ్గరే నిలబడి, “ఆ రోజు నేను రిమోట్ లాక్కోకుండా ఉండాల్సింది. ఈ శనివారం నా దగ్గర ఒక సినిమా ఉంది, లేదంటే నువ్వు చెప్పిందే చూద్దాం” అనండి. లోపలికి వెళ్లకుండా, జవాబు కోసం అక్కడే నిలబడకుండా వచ్చేయండి. ఆ శనివారం రాకపోతే మీరొక్కరే ఆ సినిమా పెట్టుకుని చూడండి, హాల్లో దీపం తీసేసి, సౌండ్ మామూలుగా ఉంచి. మరుసటి శనివారం మళ్లీ ఒకసారి అడగండి, అంతే.

తను వచ్చి తన సినిమానే పెడతానంటే ఒప్పుకోండి. అది నేను ఇక్కడ రాసినవాటిలో ఒక్కటీ కాకపోవచ్చు. మీకు తలాతోకా తెలియని సిరీస్‌లో నాలుగో సీజన్ అయినా కావచ్చు. ఎవరెవరో, ఏం జరుగుతోందో అడగండి, చెప్పడం తనకి ఇష్టంగానే ఉంటుంది. మధ్యలో నిద్రొచ్చినా, నచ్చకపోయినా చివరిదాకా చూసి, వచ్చే వారం దీని తర్వాతి భాగం ఎప్పుడు పెడతావని అడగండి.